ఎందరిలో ఎందరు? ఆరోగ్య లెక్కలు బొమ్మలుగా మారిన వైనం

1995 అక్టోబరులో బ్రిటన్ మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక చేసింది. మూడో తరం గర్భనిరోధక మాత్రలతో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందన్నది దాని సారం. మాట నిజమే. పాత తరం మాత్రలతో 7,000 మందిలో ఒకరికి వచ్చేది కొత్తవాటితో ఇద్దరికి వస్తోంది. జనం చెవిన పడింది మాత్రం ‘రెట్టింపు’ ఒక్కటే. చాలామంది భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా సుమారు 13,000 గర్భస్రావాలు జరిగాయని అంచనా. నిజానికి గర్భం దాలిస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో వచ్చేదానికన్నా ఎక్కువ. ఆ హెచ్చరిక పక్కనే 7,000 చుక్కలు పెట్టి, రెండింటికి రంగు వేసి చూపించి ఉండాల్సింది.

ఆరోగ్యాన్ని బొమ్మ గీసి చెప్పడం అప్పటికే పాత విద్య. 1854లో లండన్‌లోని సోహోలో కలరా ప్రబలినప్పుడు వైద్యుడు జాన్ స్నో ఒక్కో మరణానికి ఒక్కో నల్ల గీత చొప్పున ఆ ఇంటి దగ్గరే పటంలో పేర్చాడు. బ్రాడ్ స్ట్రీట్ తాగునీటి పంపు చుట్టూ గీతలు గుట్టలు పడ్డాయి. ఆ పటం చూసి పంపు పిడి తీసేశారని చాలాచోట్ల రాస్తుంటారు. పిడి తీసింది సెప్టెంబరు 8న. పటం అచ్చయింది 1855లో. ఆ పంపు నీళ్లే కారణమని స్నో కనిపెట్టింది ఇల్లిల్లూ తిరిగి, పటం గీసింది నమ్మని వాళ్లను ఒప్పించడానికి. ఆ దగ్గర్లోని వర్క్‌హౌస్‌లో (పేదలకు పని ఇచ్చి ఆశ్రయమిచ్చే చోటు) 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే, వాళ్లకు సొంత బావి ఉంది. ఆ 535 తెలియకపోతే ఐదు గీతలకు అర్థం లేదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో అచ్చు వేయించిన చిత్రం మరింత పేరు పొందింది. క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలను నెలకొక రెక్క చొప్పున వృత్తంలా అమర్చింది. నివారించదగిన వ్యాధులకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతావాటికి నలుపు. 1855 జనవరిలో వ్యాధులతో 2,761 మంది పోతే గాయాలతో పోయింది 83 మంది, అంటే సుమారు 33 రెట్ల తేడా. అయితే ఇక్కడ లెక్క రెక్క వైశాల్యంలో ఉంది. వైశాల్యం 33 రెట్లయితే రెక్క పొడవు దాని వర్గమూలం, ఆరు రెట్లు కూడా ఉండదు. కన్ను పొడవునే పట్టుకుంటుంది కాబట్టి, ఆమె చూపాలనుకున్న ఘోరం బొమ్మలో తగ్గిపోయింది. పొడవునే లెక్కగా తీసుకుని గీస్తే తప్పు ఎదురు తిరుగుతుంది: రెట్టింపు అంకె నాలుగింతల రంగు నింపుతుంది.

1920లలో వియన్నాలో సామాజిక శాస్త్రవేత్త ఒట్టో న్యూరాత్ దీనికి మందు కనిపెట్టాడు. సంఖ్య పెరిగితే బొమ్మను పెద్దది చేయొద్దు, అదే సైజు బొమ్మను మరిన్నిసార్లు వేయండి అన్నాడు. 1984లో గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ చేసిన ప్రయోగాలూ ఇటే చూపాయి: ఒకే స్కేలు మీది స్థానాలను జనం బాగా పోల్చగలరు, కోణాలను అంత బాగా కాదు, వైశాల్యాలను ఇంకా తక్కువ.

ఇప్పుడు రోగికి ముప్పు వివరించడానికి వాడే మనుషుల బొమ్మల గడి న్యూరాత్ బాటలోదే. 10 వరసలు, వరసకు 10 బొమ్మలు. అరుదైన ముప్పయితే 1,000. చికిత్స లేకుండా ఒకటి, చికిత్సతో ఒకటి, రెండు గడులూ అదే సంఖ్యతో, అదే సైజులో పక్కపక్కన ఉండాలి. ‘200 మందిలో ఒకరు’, ‘25 మందిలో ఒకరు’ అని రాస్తే 200 పెద్ద అంకె కాబట్టి అదే పెద్ద ముప్పని పొరబడేవాళ్లు ఉంటారు; 1,000 మందిలో 5, 1,000 మందిలో 40 అని మార్చాలి. రంగు వేసిన బొమ్మలను ఒక మూల నుంచి వరసగా నింపాలి. చెదిరి ఉంటే లెక్కపెట్టడం, పోల్చడం కష్టం. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించనివాళ్లు ఉంటారు గనుక నిండు బొమ్మ, ఖాళీ బొమ్మ వాడటం మేలు. ఆ ముప్పు ఏడాదిలోనా, పదేళ్లలోనా అన్నది గడి మీదే రాయాలి. కింద చిన్న అక్షరాల్లో పెడితే ఎవరూ చదవరు.