పాలక్కాడ్ కనుమకు అటొకటి, ఇటొకటి

శబరి ఎక్స్‌ప్రెస్‌లో శబరిమల వెళ్లే మాలధారులు కోయంబత్తూరు దాటాక ఓ గంటలో పాలక్కాడ్ కనుమ దాటేస్తారు. పడమటి కనుమల వరసలో అక్కడ 30–40 కిలోమీటర్ల ఖాళీ. షోలాకిలి అనే చిన్న పాటల పిట్ట మాత్రం లక్షల ఏళ్లుగా ఆ ఖాళీ దాటలేదు.

అది పల్లపు నేలల్లో బతికే పిట్ట కాదు. దాదాపు వెయ్యి మీటర్లకు పైన, మంచుకు తడిసే షోలా అడవుల్లో, పొదల నీడన రాలిన ఆకుల మధ్య పురుగులు ఏరుకుంటుంది. ఎండ కాసే మైదానం దానికి సముద్రంతో సమానం. అందుకే కనుమకు ఉత్తరాన నీలగిరి షోలాకిలి, దక్షిణాన ఆనైమలై, పళని కొండల్లో తెల్లపొట్ట షోలాకిలి వేరువేరుగా రూపుదిద్దుకున్నాయి. రెండింటి వీపూ ముదురు నీలమే. పొట్ట పక్కలు చూడండి: నీలగిరి పిట్టకు ఇటుక రంగు, రెండోదానికి నీలి బూడిద రంగు. నీలగిరి పిట్టను మొదట శాస్త్రానికి పరిచయం చేసింది థామస్ జెర్డాన్. మన కడప కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే.

చాలాకాలం ఈ రెండింటినీ ఒకే జాతిగా లెక్కేశారు, తర్వాత రెండు జాతులుగా విడదీశారు. 2017లో పక్షి శాస్త్రవేత్త వి.వి. రాబిన్ బృందం డీఎన్‌ఏ ఆధారంగా వీటికి షోలికోలా అని కొత్త ప్రజాతినే (దగ్గరి జాతులను కలిపే గుంపు, జీనస్) ఏర్పరచింది. ఇదేదో పేర్ల పంచాయితీ అనుకోవద్దు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జీవుల ముప్పును లెక్కగట్టే ఎర్ర జాబితాలో ఒక జాతి ఎంత మేర విస్తరించింది, ఆ చోటు ముక్కలైందా, తగ్గుతోందా అన్నవీ చూస్తారు. రెంటినీ కలిపి చూస్తే ఆ మేర పెద్దగా కనిపిస్తుంది, ఉత్తరపు పిట్ట కష్టం అందులో కలిసిపోతుంది. విడదీశాక నీలగిరి షోలాకిలి 'అంతరించే ప్రమాదంలో ఉన్న' జాతి. తెల్లపొట్టది దానికంటే ఒక మెట్టు కింద, 'దుర్బల' వర్గం.

ముప్పు మాత్రం రెండింటికీ ఒకటే. బ్రిటిష్ కాలం నుంచి టీ, యూకలిప్టస్, వాటిల్ (తుమ్మ జాతి చెట్టు) తోటలు షోలాలనూ వాటి చుట్టూ ఉన్న గడ్డి మైదానాలనూ మింగేశాయి. ముకుర్తి, ఎరవికులం జాతీయ ఉద్యానాల్లో కొంత రక్షణ ఉంది. కానీ ఆ సరిహద్దుల బయట, తోటల మధ్య మిగిలిన చిన్న చిన్న అడవి ముక్కల సంగతే నాకు ఎక్కువ భయం.

ఇంకో చిక్కుంది. పాలక్కాడ్‌కు ఇంకా దక్షిణాన ఉన్న మరో ఖాళీ సెంగోట్టై కనుమ; దానికి దక్షిణాన, అగస్త్యమలై వైపున్న షోలాకిలులు కూడా వేరే జాతేనని అదే బృందం ప్రతిపాదించింది. ప్రస్తుతం వాటిని తెల్లపొట్ట దాని ఉపజాతిగానే చూస్తున్నారు. వేరే జాతిగా ఒప్పుకుంటే, ఈ 'దుర్బల' లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే.