ఫ్రెంచ్ కెనడా పూర్వీకులు: ఇంటిపేర్ల చుట్టూ అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇంటిపేరు ఒకటైతే బంధువులు, వేరైతే పరాయివాళ్లు.

రెండూ తప్పే. క్యూబెక్ పాత చర్చి రిజిస్టర్లలో 'మీవిల్ ది దెషేన్' లాంటి జంట పేర్లు తరచూ కనిపిస్తాయి. 'ది' అంటే 'అని పిలిచే'. మన అలియాస్ లాంటిదే, కాకపోతే పోలీసు వాసన లేదు. ఒకే తండ్రి పిల్లల్లో ఒకరు మీవిల్‌గా, మరొకరు దెషేన్‌గా స్థిరపడవచ్చు. 1665లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కారిన్యాన్-సాలియేర్ రెజిమెంటులో దాదాపు 1,200 మంది సైనికులు ఉండేవారు. వారిలో సుమారు 400 మంది అక్కడే ఉండిపోయారు. లాఫ్లెర్ (పువ్వు), సాన్‌సూసీ (దిగుల్లేనివాడు) వంటి సైన్యపు పేర్లు వాళ్ల పిల్లలకు ఇంటిపేర్లయ్యాయి. ఏ సంబంధమూ లేని ఎందరో సైనికులకు లాఫ్లెర్ అనే పేరే ఉండేది. కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి, కానీ పేరు కలిసిందని చుట్టరికం కలపకండి.

అపోహ: పెళ్లయ్యాక ఆడపిల్లను భర్త ఇంటిపేరుతో వెతకాలి.

అలా వెతికితే ఆమె దొరకదు. పిల్లల జ్ఞానస్నానంలోనూ, ఆమె ఖననం నమోదులోనూ సాధారణంగా పుట్టింటి పేరే రాసేవారు. వంశవృక్షం కట్టేవారికి ఇంతకన్నా పెద్ద వరం లేదు.

అపోహ: జనన నమోదు దొరికితే చాలు.

వెన్నెముక పెళ్లి నమోదు. మొదటి పెళ్లి అయితే సాధారణంగా ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ, ఊర్లూ అందులో ఉంటాయి. అక్కడినుంచి ఆ తల్లిదండ్రుల పెళ్లికి, అలా ఒక్కో తరం పైకి వెళ్లాలి. చిక్కు రెండో పెళ్లితో వస్తుంది. అందులో చాలాసార్లు తల్లిదండ్రుల బదులు 'ఫలానా వారి విధవరాలు' అని మాత్రమే ఉంటుంది. అప్పుడు ఆ చనిపోయిన భర్త పేరుతో మొదటి పెళ్లి వెతికి, తల్లిదండ్రులను అక్కడ పట్టుకోవాలి. దగ్గరి బంధువుల పెళ్లికి చర్చి ఇచ్చిన మినహాయింపు కూడా వదలొద్దు. 'నాలుగో డిగ్రీ' అని ఉంటే, వధూవరులకు నాలుగు తరాల పైన ఉమ్మడి పూర్వీకులు ఉన్నట్టు. మీరు కట్టిన చెట్టులో వాళ్లు కలవకపోతే ఎక్కడో కొమ్మ తప్పింది.

నోటరీ దగ్గర పెళ్లి ఒప్పందం ఉంది కదా, పెళ్లయినట్టే అనుకోకండి. ఒప్పందం రద్దు చేసుకుని వేరొకరిని చేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1663-1673 మధ్య ఫ్రాన్స్ నుంచి రాజు ఖర్చుతో పెళ్లిళ్ల కోసం వచ్చిన 'ఫీయ్ ద్యు రువా' (రాజుగారి కూతుళ్లు) అమ్మాయిల్లో ఇది మామూలే. అన్నట్టు, వాళ్లు వేశ్యలన్నది వట్టి పుకారు.

అపోహ: కుటుంబంలో ఆరుగురు మారీలు ఉంటే నమోదు తప్పు.

ఆడపిల్లలకు మారీ, మగపిల్లలకు జోసెఫ్ భక్తితో ముందు చేర్చే పేర్లు. తర్వాత తరచూ జ్ఞానతల్లి లేదా జ్ఞానతండ్రి పేరు. పిలిచే పేరు సాధారణంగా చివర ఉంటుంది. 'మారీ లూయీజ్ ఆంజెలీక్' పెళ్లి నాటికి ఒట్టి ఆంజెలీక్ కావచ్చు. బిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవారు. అందుకే ఖననాలు చూడకుండా జ్ఞానస్నానం నమోదును అదే పేరుతో పెరిగి పెద్దయినవాడికి అంటగట్టకండి.

అపోహ: పాత రిజిస్టర్లన్నీ కాలిపోయాయి.

క్యూబెక్ నగర చర్చి 1640లో కాలినప్పుడు నమోదులు పోయాయి, జ్ఞాపకం మీద తిరిగి రాశారు. 1679 నుంచి అధికారుల కోసం రెండో ప్రతి తప్పనిసరి కావడంతో ఒకటి పోయినా మరొకటి మిగిలే అవకాశం పెరిగింది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం పీఆర్‌డీహెచ్ (చారిత్రక జనాభా పరిశోధన) డేటాబేస్ 1621-1849 నాటి కాథలిక్ నమోదులను కుటుంబాలుగా జతచేసింది. తర్వాతి కాలానికి ద్రువాన్ సేకరణలోని రిజిస్టరు పేజీల చిత్రాలు చూడండి. జాబితాతో ఆగకుండా అసలు పేజీ చదవాలి, ఎందుకంటే స్పెల్లింగు తేడా వల్ల సూచికలో గోతియే, గోల్తియే వేర్వేరు మనుషులైపోతారు.

కెనడా తూర్పు తీరంలోని పాత ఫ్రెంచ్ వలస అకాడియా దారి వేరు. 1755లో బ్రిటిష్‌వాళ్లు అక్కడి ఫ్రెంచ్‌వాళ్లను బహిష్కరించినప్పుడు చాలా రిజిస్టర్లు చెదిరిపోయాయి. అక్కడి గ్రాన్‌ప్రే ఊరి నమోదుల్లో మిగిలినవి బహిష్కృతులతోపాటు లూసియానా చేరి, ఇప్పుడు బాటన్ రూజ్ మేత్రాసనం దగ్గరున్నాయి.

అమెరికాకు వలస వెళ్లిన శాఖలో పేరు కనబడకపోతే అనువాదాన్ని అనుమానించండి: రువా అక్కడ కింగ్ అవుతాడు, బువావేర్ గ్రీన్‌వుడ్.