చేసి నేర్చుకునే చదువు: మండల బడుల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతూ, మా మండలంలోని బడులన్నిటికీ కలిపి జరిగే మేళాల బాధ్యత చూస్తుంటాను. పిల్లలు స్వయంగా చేసి నేర్చుకునే చదువు గురించి స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశాల్లో, తల్లిదండ్రుల నోట పదేపదే వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: ప్రయోగశాల, ఖరీదైన పరికరాలు లేనిదే ఈ చదువు సాధ్యం కాదు.

వాస్తవం: పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసి చూసే గది అయిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. అది దక్కిన బడి అదృష్టవంతురాలే. దక్కని బడిలో పసుపుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు చూడని పిల్లలు మన ఊళ్ళలో ఉండరు. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడుతుందని వాళ్ళకు తెలుసు. ఆ ఎర్రనీళ్ళలోనే నిమ్మరసం పిండమనండి, మళ్ళీ పసుపుపచ్చగా మారతాయి. ఇక వాళ్ళే సబ్బునీళ్ళు, చింతపండు రసం, వంటసోడా, మజ్జిగ తెచ్చి వరుసగా పరీక్షిస్తారు. ఆమ్లాలు, క్షారాల పాఠం అక్కడే మొదలవుతుంది. మందారపూల రసంతో అదే పని చేయిస్తే రెండు సూచికలనూ (రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పేవాటిని) పోల్చవచ్చు.

అపోహ: చేతులతో చేయిస్తే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు.

వాస్తవం: ఈ పద్ధతిని ఇష్టపడే మనవాళ్ళలోనే ఈ నమ్మకం ఎక్కువ. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

దాదాపు ప్రతి సైన్స్ ఫెయిర్‌లోనూ కనిపించే ప్రయోగం ఒకటుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తారు. కొవ్వొత్తి ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. "గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ కదా సార్, అది కాలిపోయింది కాబట్టి ఆ చోటులోకి నీళ్ళు వచ్చాయి" అని పిల్లలు తడుముకోకుండా చెబుతారు. చప్పట్లు కొడతాం. కానీ ఆ వివరణ తప్పు. గ్లాసులోని ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది. పైగా మండినప్పుడు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. నీళ్ళు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మంటకు వేడెక్కి వ్యాకోచించిన గాలి గ్లాసు అంచు కింద నుంచి బుడగలుగా కొంత బయటికి పోతుంది. మంట ఆరాక లోపల మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది. అప్పుడే నీళ్ళు చకచకా పైకి లేస్తాయి.

ఇది పిల్లలకు మనం చెప్పనక్కర్లేదు, అడిగితే చాలు. "ఒక్క కొవ్వొత్తి బదులు మూడు పెడితే నీళ్ళు అంతే ఎక్కుతాయా, ఎక్కువా?" గ్లాసు అదే, గాలి అదే, ఆక్సిజన్ కూడా అంతే కాబట్టి తేడా ఉండదని చాలామంది అంటారు. ముందుగా నోటు పుస్తకంలో జవాబు రాయించండి. తరువాత చేయించండి. మూడు కొవ్వొత్తులకు నీళ్ళు ఇంకా పైకి వస్తాయి. నీళ్ళు ఎప్పుడు ఎక్కాయి, మండుతున్నప్పుడా, ఆరిపోయాకా అని మళ్ళీ చూడమనండి. ఇక తరగతిలో మొదలయ్యే వాదన చూడాలి! ముందు ఊహ, తరువాత పని, ఆపైన "ఎందుకు" అనే ప్రశ్న. ఈ మూడూ ఉంటేనే అది ప్రయోగం. మొదటిదీ చివరిదీ వదిలేస్తే పిల్లలకు మిగిలేది వినోదమే.

అపోహ: పరీక్షలకు ఇది పనికిరాదు.

వాస్తవం: పరీక్షను కూడా మార్చి చూపించిన జిల్లా ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ప్రయోగాల ద్వారా సైన్సు బోధన మొదలై, 1978 నాటికి జిల్లా అంతటికీ విస్తరించింది. అక్కడ పిల్లలు పుస్తకాలు దగ్గర పెట్టుకునే పరీక్ష రాసేవారు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అయినా సాధారణ గ్రామీణ బడుల్లో మూడు దశాబ్దాల పాటు అది నడిచిందన్నది కాదనలేని సంగతి. మన దగ్గర నిర్మాణాత్మక మూల్యాంకనంలో (చదువు సాగుతుండగానే వేసే మార్కుల్లో) ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. వాటిని దుకాణంలో కొన్న బొమ్మలు అతికించిన చార్టులకు వేస్తున్నాం. పిల్లలు స్వయంగా కొలిచి రాసుకున్న పట్టికకు వేద్దాం.

అపోహ: మేళా అంటే మంచి నమూనాకు బహుమతి ఇచ్చే పోటీ.

వాస్తవం: బడి పిల్లల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మనక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తారు. అక్కడ కోరేది కొత్త ఆలోచన. మన ఫెయిర్లలో మాత్రం పట్నంలో చేయించిన థర్మోకోల్ అగ్నిపర్వతాలు బల్లల నిండా ఉంటాయి. న్యాయనిర్ణేతలు రెండు ప్రశ్నలు అడిగితే తేలిపోతుంది: "మొదట ఎలా చేశావు, తరువాత ఏం మార్చావు?", "ఇది ఇప్పుడు చెడిపోతే నువ్వే బాగుచేస్తావా?" జవాబు చెప్పగలిగిన అమ్మాయి నమూనా అట్టముక్కలతో చేసినదైనా సరే, నా మార్కులు ఆమెకే.

పోటీ లేని మేళాలు నాకు మరింత ఇష్టం. ప్రాథమిక బడి పిల్లల సంత పెట్టండి. ఇళ్ళ నుంచి తోటకూర, వంకాయలు, దోసకాయలు తెస్తారు. తక్కెడ, తూనికరాళ్ళు వాళ్ళ చేతికే ఇవ్వాలి. కొనడానికి తల్లులు, తాతలు రావాలి. కిలో 36 రూపాయలైతే 350 గ్రాములు ఎంత? నల్లబల్ల మీద ఈ లెక్క చూసి బిక్కమొహం వేసే అయిదో తరగతి పిల్లవాడు "వందకు మూడు అరవై అవ్వా" అని మొదలుపెట్టి 12 రూపాయల 60 పైసల దగ్గర ఆగుతాడు. మర్నాడు తరగతిలో ఆ లెక్కనే దశాంశాలతో రాయించడం మరిచిపోవద్దు. సంతలో సగం పనే అవుతుంది.

అపోహ: ఒకే టీచరు అయిదు తరగతులు చూసే బడిలో ఇది కుదరదు.

వాస్తవం: మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడులు ఇలాంటి పరిస్థితికే కార్డులు, మెట్ల పద్ధతి తయారుచేశాయి. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్ళు పనిచేస్తారు. తమిళనాడు ఆ పద్ధతి నుంచే తన ప్రాథమిక బడులకు కార్యాచరణ విధానాన్ని తెచ్చుకుంది.

అపోహ: ప్రయోగాలు ప్రమాదం.

వాస్తవం: టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులే. గోడ ప్లగ్గు జోలికి పోనివ్వకండి. మంట ఉన్నచోట జడ ముడి వేయించి, బకెట్టు నీళ్ళు దగ్గర ఉంచండి.

అపోహ: చిన్న బడి ఒంటరిగా పెద్ద పనులు చేయలేదు.

వాస్తవం: ఒంటరిగా చేయనక్కర్లేదు. మార్చి 21న ఆదిలాబాద్‌లో ఒక బడి, తిరుపతిలో ఒక బడి మీటరు కర్ర నిలువుగా పాతి నీడ కొలిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. కావలసింది గడియారంలో 12 గంటల నీడ కాదు, ఆ రోజు అతి పొట్టిగా పడిన నీడ. అది ఈ రెండు చోట్లా 12:20 ప్రాంతంలో పడుతుంది, ఒంటిపూట బడి వదిలేలోపే. నీడ పొడవు, కర్ర పొడవు కాగితం మీద గీసి కోణమానినితో సూర్యకిరణాల వాలు కొలవాలి. రెండు కోణాల మధ్య తేడా సుమారు 6 డిగ్రీలు ఉంటుంది, ఆ రెండు ఊళ్ళ మధ్య భూమి వంపు కూడా అంతే. ఉత్తర దక్షిణాలుగా దూరం దాదాపు 670 కిలోమీటర్లు, పటం మీద స్కేలుతో పిల్లలే తీయగలరు. 6 డిగ్రీలకు 670 అయితే 360 డిగ్రీలకు ఎంత? వాళ్ళ జవాబు 40,000కు దగ్గరగా వస్తుంది.