కంట్లో వేసిన చుక్క ఒంట్లోకి ఎలా వెళ్తుంది?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా పిన్నికి బీపీ మాత్రలు ఊళ్ళో డాక్టరు రాస్తారు. కంటి చుక్కలు మాత్రం విశాఖలో ఇచ్చినవి. నీటికాసులని, అంటే కంటి నరం దెబ్బతినే గ్లకోమా అని తేలాక, కంటి ఒత్తిడి తగ్గించే టిమోలాల్ చుక్కలు రెండు పూటలా వేసుకోమన్నారు. కొన్నాళ్ళకి తెల్లవారుజామున మంచం దిగితే చాలు, కళ్ళు తిరిగేవి. ఏం మందులు వాడుతున్నారని ఊళ్ళో డాక్టరు అడిగితే మాత్రల పేర్లే చెప్పింది. చుక్కలు కూడా మందేనని ఆమెకి తోచలేదు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మనవాళ్ళు చాలామందికి కంటికో రాష్ట్రం, ఒంటికో రాష్ట్రం. రెండు చీటీలూ ఒకే బల్ల మీదకి రావు.

నిజానికి ఈ చుక్కలు పుట్టిందే గుండె, బీపీ మందుల వంశంలో. 1870ల నుంచి గ్లకోమాకి వాడిన పైలోకార్పిన్‌తో కనుపాప ముడుచుకుపోయేది, చూపు మసకేసేది, నుదురు లాగేది. పైగా రోజుకి నాలుగుసార్లు వేసుకోవాలి. 1960ల్లో గుండె జబ్బులకి ప్రొప్రనలాల్ వచ్చింది. అది ఇచ్చినప్పుడు కంటి ఒత్తిడి కూడా తగ్గుతోందని 1967లో డాక్టర్లు గమనించారు. కానీ దాన్ని కంట్లోనే వేస్తే నల్లగుడ్డు మొద్దుబారేది. ఆ ఇబ్బంది లేని టిమోలాల్‌కి 1978లో అమెరికాలో అనుమతి దొరికింది. చూపు చెడదు, రెండు పూటలు చాలు. రోగులకి అది పెద్ద ఊరట.

టిమోలాల్ కంటి లోపల ఊరే నీటిని తగ్గిస్తుంది. అయితే చుక్కంతా కంట్లోనే ఉండిపోదు. ముక్కు వైపు కంటి మూలనున్న సన్న రంధ్రం గుండా కొంత ముక్కులోకి జారి, అక్కడి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రయితే ముందు కాలేయం దాటాలి, కొంత అక్కడే విరిగిపోతుంది. చుక్కకి ఆ కాపలా లేదు. అందుకే కొందరికి నాడి నెమ్మదిస్తుంది, బీపీ దిగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఊపిరి బిగుసుకుంటుంది. చుక్క వేసుకుని కన్ను మూసి, ఆ మూలని వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఒంట్లోకి పోయేది బాగా తగ్గుతుంది. ఇంత చిన్న సంగతి ప్రతి సీసాతోపాటు చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

బీపీ ఉంటే కంట్లో ప్రెషర్ ఉన్నట్టేనని మన వైపు అనుకుంటారు. రెండూ వేరు. కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్లు (బీపీలాగే పాదరసం కొలతలో). బీపీ కాస్త పెరిగినంత మాత్రాన అది అంతగా మారదు. అసలు చిక్కు బీపీ మరీ దిగినప్పుడు వస్తుంది. కంటి నరానికి రక్తం అందాలంటే కంటి ఒత్తిడిని దాటి లోపలికి తోసుకెళ్ళాలి. నిద్రలో బీపీ ఎలాగూ తగ్గుతుంది. భారతదేశంలో పుట్టి అమెరికాలోని అయోవాలో పనిచేసిన సోహన్ సింగ్ హేరే 1990ల్లో ఈ రాత్రి తగ్గుదల మీద లోతుగా పరిశోధించారు. టిమోలాల్ లాంటి చుక్కలు దాన్ని ఇంకా పెంచవచ్చని 1999లో రాశారు. పైగా నిద్రలో కంటి ఒత్తిడి మీద టిమోలాల్ పని అంతంత మాత్రమే.

1996లో లాటనోప్రాస్ట్ వచ్చాక డాక్టర్లకి ఇంకో దారి దొరికింది. అది నీరు బయటికి పోయే మార్గాన్ని తెరుస్తుంది, బీపీని దాదాపు తాకదు. కళ్ళు ఎర్రబడటం, రెప్పవెంట్రుకలు పెరగడం ఉంటాయి. అలాగని టిమోలాల్‌ని ఎవరికి వారే మానేయకూడదు. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు.

పిన్ని ఈసారి మాత్రలూ సీసా ఒకే సంచిలో పెట్టుకుని విశాఖ వెళ్ళింది. కంటి డాక్టరు నాడి పట్టుకుని చూసి, చుక్కల మందు మార్చారు. బీపీ మాత్ర రాత్రి ఎన్నింటికి వేసుకుంటారని కూడా అడిగారు. ఆ మాట అంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు.