ఖోల్నా-జోడ్నా: పిస్టల్ విప్పే చోటే దాని గుట్టు

కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్లినవాళ్లకు ‘ఖోల్నా-జోడ్నా’ అనే మాట మర్చిపోదామన్నా మరుపుకు రాదు. చెట్టు కింద టార్పాలిన్ పరిచి, దాని మీద పాయింట్ టూ టూ రైఫిల్ పెట్టి, మా హవల్దారుగారు ఒక్కో భాగం పేరూ హిందీలో చెబుతూ విప్పేవారు. విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చాలి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు ఏరుకుంటూ రావాలి. పాఠమంతా ఇంతే. మాలో ఒకడు ఉత్సాహం ఆపుకోలేక ఇంకో స్క్రూ కూడా తిప్పబోయాడు. ఆయన వాడి వేళ్ల మీద చిన్నగా ఒకటేసి, ఇక్కడి దాకా నీది, ఇక్కణ్నుంచి ఆర్మరర్‌ది (తుపాకులు బాగుచేసేవాడిది) అన్నారు.

ఆ గీత ఎక్కడ గీయాలో ఎవరు నిర్ణయిస్తారన్న అనుమానం నాకు చాలాకాలం ఉండిపోయింది. పిస్టళ్ల సంగతి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, గీసేది తయారు చేసినవాడే అని. గ్లాక్ 17 పిస్టల్‌లో మొత్తం 34 భాగాలుంటే, మామూలు శుభ్రానికి విడదీసేవి నాలుగే: స్లైడ్ (వెనకాముందూ జారే పైభాగం), బ్యారెల్ (బుల్లెట్ వెళ్లే గొట్టం), స్ప్రింగ్, ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం). తూటాలుండే మ్యాగజైన్ ఎలాగూ ముందే బయటికొస్తుంది. మిగతావాటి జోలికి వాడేవాడు వెళ్లనక్కర్లేదు. ఆ నాలుగింటినీ ఎంత తేలిగ్గా విడదీయొచ్చన్న దాంట్లో మాత్రం ఒక్కో పిస్టల్‌ది ఒక్కో తీరు. కొన్నింటికి పది సెకన్లు చాలు. ఒకటి మాత్రం విప్పినవాణ్ని ఏడిపించి గానీ మళ్లీ బిగుసుకోదు.

అసలు విప్పడం ఎందుకంటారా? పేల్చిన ప్రతిసారీ లోపల మసి పేరుకుంటుంది. తూటా (కేసు అనే గొట్టం, అందులో మందు, కొసన బుల్లెట్)లోని మందు కాలిన బొగ్గు, దాని అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్ నుంచి వచ్చే సీసం, బేరియం, యాంటిమొనీల బూడిద, బుల్లెట్ పైతొడుగు నుంచి రాలిన రాగి అన్నీ కలిసి తూటా కూర్చునే చాంబర్ అంచున, స్లైడ్ జారే పట్టాల మీద పూతలా పడతాయి. దానికి నూనె తోడైతే ముద్దవుతుంది. శుభ్రం చేశాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదనేది ఆ సీసం వల్లే.

పాతకాలం ప్రైమర్లతో ఇంకో తంటా. వాటిలో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది కాలితే మిగిలేది పొటాషియం క్లోరైడ్. వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలోని తేమ పీల్చుకుని ఒకటి రెండు రోజుల్లోనే ఉక్కును తినేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో కిటికీ ఊచల గతి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే అప్పటి సైనికులు ముందు బ్యారెల్‌ను వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించేవారు. తుపాకీని నీళ్లతో కడగడమేమిటని ఆశ్చర్యపోయేవాళ్లకు సమాధానం రసాయన శాస్త్రంలో ఉంది.

ఇక అసలు సంగతికి వద్దాం. పిస్టల్‌ను ఎక్కడ, ఎలా విప్పాలన్నది పేలిన క్షణంలో దాని బ్యారెల్ ఏం చేస్తుందన్న దాన్ని బట్టే ఉంటుంది. 9 ఎంఎం బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు. దాన్ని ముందుకు తోసిన బలమే స్లైడ్‌ను వెనక్కి తోస్తుంది. స్లైడ్, బ్యారెల్ కలిసి అరకిలో ఉన్నాయనుకోండి, బుల్లెట్ కంటే అరవై రెట్లకు పైగా బరువు. కాబట్టి బుల్లెట్ పది సెంటీమీటర్లు ప్రయాణించి మూతి దాటేసరికి స్లైడ్ జరిగేది ఒకటిన్నర, మహా అయితే రెండు మిల్లీమీటర్లు. ఆ కాస్త దూరంలో బ్యారెల్, స్లైడ్ ఒకదాన్నొకటి పట్టుకునే ఉండాలి. ముందే విడిపోతే, పీడనం తగ్గకముందే ఖాళీ కేసు బయటికొచ్చి పగులుతుంది. బుల్లెట్ వెళ్లిపోయాక మాత్రం విడిపోవాల్సిందే, లేకపోతే ఇంకో తూటా ఎక్కదు. ఈ పట్టుకుని వదిలే ఏర్పాటు ఎలా చేశారన్న దాన్ని బట్టి విప్పే దారి మారిపోతుంది.

తూటా బలహీనమైనదైతే ఈ గొడవే లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువు చాలు. 1929లో వచ్చిన వాల్తర్ పీపీ, ఆ తర్వాత 1951లో సోవియట్ సైన్యం తీసుకున్న మకరోవ్ ఈ కోవలోవే. బ్యారెల్‌ను ఫ్రేమ్‌లోనే బిగించేశారు, స్ప్రింగ్ దాని చుట్టూ గాజులా తొడిగి ఉంటుంది. స్లైడ్ మరీ వెనక్కి పోకుండా ఆపేది ట్రిగ్గర్ గార్డే. దాన్ని కిందికి లాగి పక్కకు వాల్చి, స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి వెనక భాగం పైకెత్తితే ఊడి చేతిలోకొస్తుంది. పనిముట్టుతో పనిలేదు, ఊడిపడే చిన్న ముక్కలూ లేవు. మంచు దేశంలో చేతితొడుగులు వేసుకున్న సైనికుడి కోసం ఇంతకంటే సులువుగా ఎవరూ చేయలేరనిపిస్తుంది. చిక్కల్లా బ్యారెల్ విడిగా రాకపోవడమే.

అమెరికా సైన్యం 1911లో తీసుకున్న కోల్ట్ పిస్టల్ కథ వేరు. దీన్ని రూపొందించిన జాన్ బ్రౌనింగ్ బ్యారెల్ వెనక భాగాన్ని చిన్న లింకుతో ఫ్రేమ్‌కు కట్టేశాడు. స్లైడ్ వెనక్కి వెళ్తుంటే ఆ లింకు ఊగి బ్యారెల్ వెనక కొసను కిందికి దింపుతుంది, దాంతో పట్టు వీడుతుంది. మూతి దగ్గర బ్యారెల్‌ను పట్టుకోడానికి బుషింగ్ అనే ఉంగరం. దాని కింద స్ప్రింగ్‌ను మూస్తూ చిన్న డొల్ల మూత. విప్పాలంటే ఆ మూతను బొటనవేలితో లోపలికి నొక్కి పట్టి బుషింగ్‌ను పక్కకు తిప్పాలి. పూర్తిగా నొక్కితే ఏడు కిలోల దాకా తన్నే స్ప్రింగ్ అది. వేలు జారిందో, మూత రాకెట్‌లా ఎగిరి బీరువా కిందో, కంట్లోనో తేలుతుంది.

తర్వాత స్లైడ్‌ను కొంచెం కొంచెం జరుపుతూ దాని మీది చిన్న గంటు సరిగ్గా పక్కనున్న స్లైడ్ స్టాప్ అనే మీటకు ఎదురుగా వచ్చేలా చూసి, అవతలి వైపు నుంచి దాని పిన్నును తోయాలి. తిరిగి పెట్టేటప్పుడు అదే పిన్ను లోపల కనపడకుండా ఊగుతున్న లింకు కన్నంలోంచి దూరాలి. ఆ కంగారులో స్లైడ్ స్టాప్ కొసను ఫ్రేమ్ మీద గీకేస్తే నిగనిగలాడే ఉక్కు మీద అర్ధచంద్రాకారంలో ఒక గీత పడుతుంది. అమెరికాలో దీన్ని వెక్కిరింతగా ‘ఇడియట్ స్క్రాచ్’ అంటారు. పాత పిస్టల్ కొనేవాళ్లు ముందు చూసేది ఆ చోటునే.

ఇంత చెప్పానని బ్రౌనింగ్‌ను తీసిపారేయకండి. ఎంపిక పరీక్షలో ఆ పిస్టల్ 6,000 తూటాలు ఒక్కసారీ మొరాయించకుండా పేల్చింది. వేడెక్కినప్పుడల్లా బకెట్ నీళ్లలో ముంచి తీశారట. పైగా దాని లోపలి ముక్కలనే పనిముట్లుగా వాడి చిట్టచివరి పిన్ను దాకా విప్పేయొచ్చు. అంటే బ్రౌనింగ్ గీత గీయడం మానేసి, మొత్తం సైనికుడి చేతికే ఇచ్చేశాడన్నమాట.

ఆయనే తర్వాత ఇంకో పిస్టల్ మొదలుపెట్టి, 1926లో బెల్జియంలోని లియేజ్‌లో పని బల్ల దగ్గరే కన్నుమూశాడు. దాన్ని ద్యూదొన్నే సైవ్ పూర్తి చేయగా 1935లో హై-పవర్ పేరుతో వచ్చింది. ఊగే లింకు పోయి, దాని స్థానంలో బ్యారెల్ అడుగునే చెక్కిన వాలు గాడి వచ్చింది. మూతి దగ్గర విడి బుషింగ్ కూడా పోయింది. స్లైడ్ వెనక్కి లాగి, పేలకుండా ఆపే సేఫ్టీ మీటను రెండో గంటులో ఇరికిస్తే అది అక్కడే నిలబడుతుంది. రెండు చేతులూ ఖాళీ. పిన్ను తీసేసి స్లైడ్‌ను ముందుకు జార్చేయడమే. ఎగిరిపడే మూత లేదు. మన సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా నడుముకు కట్టుకున్న 9 ఎంఎం ఆటో పిస్టల్ ఇదే, బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. పాతికేళ్లలో వచ్చిన మార్పు చూడాలంటే 1911నీ దీన్నీ పక్కపక్కన విప్పి పెట్టాలి.

జర్మన్ల వాల్తర్ పీ38, దాన్ని చూసి నేర్చుకున్న ఇటలీ బెరెట్టాలలో బ్యారెల్ వంగదు, తిన్నగానే వెనక్కి వస్తుంది. దాని కింద ఒక దిమ్మ దిగి పట్టు వదిలిస్తుంది. అందుకని విప్పడానికి పక్కన ఒక మీట చాలు. 1985లో అమెరికా సైన్యం 1911ను పక్కనపెట్టి బెరెట్టా 92ను ఎంచుకుంది. ఎడమవైపు మీట తిప్పుతూ కుడివైపు బొత్తాం నొక్కితే స్లైడ్, బ్యారెల్, స్ప్రింగ్ మొత్తం ఒకే మూటగా ముందుకు జారి వస్తాయి. విప్పడంలో నాకు ఇంతకంటే ముచ్చటైనది కనపడలేదు. తూకం వేస్తే మాత్రం బండరాయి.

ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకున్న గ్లాక్ దగ్గరికొస్తే సులువు పతాకస్థాయికి చేరింది. స్లైడ్‌ను కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి పట్టి, రెండు పక్కలా ఉన్న చిన్న పలకను కిందికి లాగి వదిలితే స్లైడ్ ముందుకు జారిపోతుంది. మెలిక అంతకుముందు అడుగులో ఉంది. లోపల ప్రైమర్‌ను కొట్టే స్ట్రైకర్ సగం బిగించి, ట్రిగ్గర్‌కు కట్టిన రేకు కొసకు తగులుకుని ఉంటుంది. అది వీడితే గానీ స్లైడ్ ఊడి రాదు. వీడాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. అంటే శుభ్రం చేయడానికి ముందు ‘పేల్చాలి’. చాంబర్‌లో తూటా లేదనుకుని నొక్కితే నిజంగానే పేలిన సంఘటనలు అమెరికాలో పోలీసుల చేతుల్లోనూ జరిగాయి.

ఇలా ఎలా జరుగుతుందో ఒకసారి నెమ్మదిగా చూద్దాం. ముందు మ్యాగజైన్ తీసి తర్వాత స్లైడ్ లాగితే చాంబర్‌లోని తూటా బయటపడుతుంది, ఖాళీ. పరధ్యానంలో ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీశారనుకోండి. పాత తూటా ఎగిరి బల్ల మీద పడుతుంది, అది కళ్లకు కనిపిస్తుంది, మనసు కుదుటపడుతుంది. కానీ స్లైడ్ తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను చాంబర్‌లోకి తోసేసింది. ఆ తర్వాత తీసిన మ్యాగజైన్ వల్ల ఒరిగేదేమీ లేదు. రెండే పనులు, వరస మాత్రమే తారుమారు. మా హవల్దారుగారు వరస, వరస అని చెవిలో జోరీగలా ఎందుకు పోరేవారో ఇప్పుడు తెలుస్తోంది. చాంబర్‌లోకి కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి అనే నియమం కూడా ఇందుకే.

పాత హై-పవర్‌లో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు, కాబట్టి ఈ ప్రమాదానికి అక్కడ అడ్డుంది. గ్లాక్‌కు పోటీగా 2005లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీలో, ట్రిగ్గర్ నొక్కకుండానే పట్టు విడిపించే చిన్న మీటను మ్యాగజైన్ గూటి లోపల పెట్టారు. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న సిగ్ పీ320కీ విప్పేటప్పుడు ట్రిగ్గర్‌తో పనిలేదు. గ్లాక్ మాత్రం నలభై ఏళ్లుగా ఆ పద్ధతిని పట్టుకునే ఉంది. మనిషి జాగ్రత్తగా ఉంటాడన్న లెక్క మీద కట్టిన యంత్రం అది. ఆ లెక్క నాకు మింగుడుపడదు.

ఏడిపించే పిస్టల్ అన్నాను కదా. అది పాయింట్ టూ టూ తూటా పేల్చేది. ఆటల్లో వాడే తూటా ఇది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పోటీలో కాల్చేది ఈ తూటానే. చిన్నదే గానీ మహా మురికి. బుల్లెట్‌కు రాగి తొడుగు ఉండదు, వట్టి సీసం, దాని మీద మైనం లాంటి పూత. వందల కొద్దీ కాలిస్తే లోపలంతా జిడ్డు. ఎక్కువసార్లు శుభ్రం చేయాల్సిన రకం ఇదే, తీరా చూస్తే దశాబ్దాల పాటు దొరికిన వాటిలో విప్పి బిగించడానికి అతి మొండిది కూడా ఇదే.

1949లో అమెరికాలో బిల్ రూగర్ జపాన్ వాళ్ల నాంబు పిస్టల్‌ను చూసి, గొట్టంలాంటి పైభాగంలో బోల్టు వెనకాముందూ ఆడే స్టాండర్డ్ అనే పిస్టల్ చేశాడు. ధర 37 డాలర్ల 50 సెంట్లు. కంపెనీ నిలదొక్కుకుంది దాని మీదే. గురి బాగుంటుంది, బ్యారెల్ కదలదు. పట్టంతా పిడి వెనక దాగిన ఒక మీటలో ఉంది. దాన్ని లాగితే అన్నీ వరసగా ఊడొస్తాయి, అక్కడి దాకా హాయి. బిగించడం మొదలుపెట్టగానే కథ అడ్డం తిరుగుతుంది. దెబ్బ కొట్టే హ్యామర్‌కు వేలాడే సన్నని కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కొస లోపల ఒక చిన్న గుంటలో కూర్చోవాలి. అది కనపడదు, వేలికి అందదు. పిస్టల్‌ను ఎటు వంచితే ఆ కడ్డీ అటు వాలుతుంది. కాబట్టి మూతి పైకెత్తాలి, ట్రిగ్గర్ నొక్కి హ్యామర్ దించాలి, మళ్లీ వంచాలి, మీట మూయాలి. మూసుకోకపోతే మొదటికి రావాలి. అర్ధరాత్రి సూదిలో దారం ఎక్కించడం నయం.

మార్క్ వన్, టూ, త్రీ అంటూ పేర్లు మారాయి గానీ ఆ కడ్డీ, ఆ గుంట అలాగే ఉన్నాయి. 67 ఏళ్లకు, 2016లో మార్క్ ఫోర్ వచ్చింది. వెనక ఒక బొత్తాం నొక్కితే పైభాగం ముందున్న కీలు మీద తలుపులా తెరుచుకుంటుంది. బోల్టు జారి చేతిలో పడుతుంది. తిరిగి మూస్తే టక్కున బిగుసుకుంటుంది. ఏడాది తిరక్కుండానే సేఫ్టీలో లోపం ఉందని కంపెనీ వాటిని వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

పాత మార్క్ టూలు ఉన్నవాళ్లు చాలామంది ఇప్పటికీ వాటిని విప్పరు. బోల్టు వెనక్కి లాగి పట్టుకుని, సందులోంచి శుభ్రం చేసే ద్రావణం చల్లి, పళ్లు తోముకునే బ్రష్షుతో అందినంత మేర రుద్ది, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేస్తారు. ఆ కడ్డీ దాని గుంటలోనే ఉంటుంది, ఎవరూ కదపరు.