ఆ పొగాకు నాకు పడదు

రాజమండ్రిలో మా ఇంటి వెనక వసారాలో జరిగిన సంగతి ఇది. బాబాయి అప్పటికి ఇరవై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్నాడు, రోజుకు పది పన్నెండు. అమెరికాలో ఉండే స్నేహితుడు సెలవులకు వస్తూ ఆయనకు ఒక పైపు, రెండు డబ్బాల పొగాకు తెచ్చిచ్చాడు. ఒక డబ్బా మూత తీస్తే లోపల బొగ్గులా నల్లటి తరుగు. తడి కట్టెలు రాజుకున్న పొయ్యి వాసన గుప్పున కొట్టింది. రెండో దాంట్లో బర్లీ అనే రకం, లేత గోధుమ రంగు ఆకు. చేతిలోకి తీసుకుంటే కాగితంలా పొడిపొడిగా ఉంది, వాసన పెద్దగా లేదు. నల్లది ఘాటుగా ఉంటుందని భయపడి బాబాయి గోధుమ రంగుది పైపులో కూరుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన సరిగ్గా తినలేదు. మొదటి పావుగంట “ఇందులో ఏమీ లేదు, సిగరెట్టే నయం” అంటూ గబగబా పీల్చాడు. అరగంట దాటేసరికి ముఖం పాలిపోయింది. నుదుట చెమట పట్టింది, అరచేతులు చల్లబడ్డాయి, నోట్లో నీళ్లూరడం మొదలైంది. ఎక్కిళ్లు కూడా వచ్చాయి. లేచి పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుని, వచ్చి నులక మంచం మీద పడిపోయాడు. తాతయ్య తన లంక పొగాకు చుట్ట నోట్లోంచి తీసి, “అది నీకు పడలేదురా. కాస్త మజ్జిగ తాగి పడుకో” అన్నాడు.

ఒకరికి వంకాయ పడదు, ఇంకొకరికి పాలు పడవు. పొగాకు విషయంలోనూ మనం అదే మాట వాడతాం. ఇరవై ఏళ్లు సిగరెట్ తాగిన మనిషిని ఒక్క పైపు ఎలా పడగొట్టింది? అంతకంటే మోటుగా ఉండే చుట్ట తాగుతున్న తాతయ్య పక్కనే నిమ్మళంగా ఎలా కూర్చున్నాడు? ఆ రోజు నాకు అర్థం కాలేదు. తర్వాత చదువుకున్నకొద్దీ ఈ “పడకపోవడం” వెనక ఎంత రసాయనం ఉందో తెలిసింది.

పైపులోకి వెళ్లే పొగాకంతా దాదాపు ఒకే జాతి మొక్క నుంచి వస్తుంది. రకాల మధ్య తేడా కొంత విత్తనంలో ఉంటుంది గాని, ఎక్కువగా కోసిన తర్వాత ఆకు ఎలా చనిపోయింది అన్నదాంట్లో ఉంటుంది. జంగారెడ్డిగూడెం వైపు వెళ్లినవాళ్లు వర్జీనియా పొగాకు బ్యారన్లు చూసే ఉంటారు. పచ్చి ఆకును కర్రలకు కట్టి లోపల వేలాడదీస్తారు. మొదట 35 నుంచి 40 డిగ్రీల వేడి పెడతారు. ఆ వేడికి ఆకు చావదు, బతికే ఉండి పసుపు రంగు తిరుగుతుంది, దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. సరిగ్గా ఆ దశలో వేడి పెంచి ఆకును ఆరబెట్టేస్తారు. చివర్లో ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. అంతా వారం రోజుల పని. చక్కెరను తినే తీరిక ఆకుకు దొరకదు కాబట్టి అది అలాగే మిగిలిపోతుంది. మంచి వర్జీనియా ఆకు బరువులో 15 నుంచి 20 శాతం దాకా చక్కెరే ఉంటుంది. ఈ పద్ధతికి మూలంగా అమెరికాలో ఒక కథ చెబుతారు. 1839లో ఉత్తర కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ అనే బానిస యువకుడు పొగాకు కొట్టంలో నిప్పు చూసుకుంటూ నిద్రపోయాడట. నిప్పు ఆరిపోతుండగా మెలకువ వచ్చి కంగారుగా బొగ్గులు ఎగదోస్తే, ఆ వేడికి ఆకు నిమ్మపండు రంగులోకి తిరిగిందట.

బర్లీ దారి వేరు. దాన్ని నీడలో, గాలి ఆడే కొట్టంలో నెలన్నర, రెండు నెలలు వేలాడదీస్తారు. ఆకు మెల్లగా చనిపోతుంది, చనిపోయేలోపు తనలోని చక్కెరనంతా తానే తినేస్తుంది. చివరికి చక్కెర దాదాపు మిగలదు, నత్రజని పదార్థాలు మాత్రం మిగులుతాయి. వర్జీనియాను కాలిస్తే చక్కెర నుంచి ఆమ్లాలు పుట్టి పొగ పుల్లగా, అంటే ఆమ్ల గుణంతో ఉంటుంది. బర్లీని కాలిస్తే అమ్మోనియా వచ్చి పొగ క్షారం వైపు మొగ్గుతుంది. బాబాయిని పడగొట్టింది ఈ తేడానే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఖైనీ నలిపే అరచేతిని చూస్తే చాలు. పొగాకులో చిటికెడు సున్నం వేసి బొటనవేలితో ఎందుకు రుద్దుతారు? సున్నం లేకపోతే “ఎక్కదు” అంటారు. నిజంగానే ఎక్కదు. పొగాకులో మనకు ఎక్కే పదార్థం నికోటిన్, అది రెండు రూపాల్లో ఉంటుంది. ఆమ్లంలో అది విద్యుదావేశం పట్టుకుని ఉండి, చిగుళ్లు, బుగ్గల లోపలి పొరను దాటలేదు. క్షారంలో ఆ ఆవేశం వదిలి స్వేచ్ఛగా మారి, పొరలోంచి నేరుగా రక్తంలోకి వెళ్లిపోతుంది. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే అంకె పీహెచ్, అది పెరిగేకొద్దీ క్షారం వైపు వెళ్తున్నట్టు. పీహెచ్ 6 దగ్గర నూటికి ఒక వంతు నికోటిన్ మాత్రమే స్వేచ్ఛగా ఉంటుంది. 7 దగ్గర తొమ్మిది వంతులు, 8 దగ్గర సగం. రెండు అంకెల తేడాలో దాదాపు యాభై రెట్లు! పొగాకు మానడానికి ఇచ్చే నికోటిన్ గమ్‌లో క్షార లవణాలు కలిపేది ఇందుకే. అది నమిలే ముందు పావుగంట పాటు కాఫీ, పళ్లరసం తాగొద్దని చెప్పేదీ ఇందుకే.

సిగరెట్ పొగ చాలావరకు ఆమ్లం వైపు ఉంటుంది. అయినా ఎక్కుతుంది, ఎందుకంటే దాన్ని ఊపిరితిత్తుల్లోకి లాగుతారు. అక్కడి పొర ఎంతో విశాలం, పైగా రక్తానికి ఉండే స్వల్ప క్షార గుణం అక్కడ పొగలోని ఆమ్లాన్ని సర్దేస్తుంది. పైపు పొగను సాధారణంగా లోపలికి మింగరు, నోట్లోనే ఆడించి వదిలేస్తారు. అందుకే పైపు విషయంలో నోట్లో ఏ పొగ ఉంది అన్నదే పెద్ద ప్రశ్న. వర్జీనియా పైపు తాగేవాడికి నోటి నుంచి చాలా తక్కువ నికోటిన్ వెళ్తుంది. అదే పైపులో బర్లీ నింపితే అదే మనిషికి చాలా ఎక్కువ వెళ్తుంది.

నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. సిగరెట్ దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఏ దమ్ము ఎంత ఇచ్చిందో శరీరానికి వెంటనే తెలుస్తుంది, చాలనిపిస్తే చెయ్యి తనంతట తానే ఆగుతుంది. ఇరవై ఏళ్లలో బాబాయి చెయ్యి నేర్చుకున్న లెక్క అది. నోటి దారిలో నికోటిన్ నిదానంగా, నిమిషాల మీద ఎక్కుతుంది. పావుగంట దగ్గర “ఇందులో ఏమీ లేదు” అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పలేదు, అప్పటికి నిజంగానే ఇంకా ఏమీ తెలియలేదు. తెలిసేసరికి అరగంట మోతాదు లోపలికి వెళ్లిపోయింది, బుగ్గల్లో ఇంకా ఊరుతోంది కూడా. పైపు కింద పెట్టినా లాభం లేదు.

తర్వాత జరిగేది మెదడు కింది భాగంలో. అక్కడ వాంతికి సంబంధించిన ఒక చిన్న చోటు ఉంది. మెదడును రక్తంలోని విషాల నుంచి కాపాడే గోడ ఆ చోట పలచగా ఉంటుంది, ఎందుకంటే రక్తంలో విషముందా అని చూడటమే దాని పని. నికోటిన్ తగలగానే అది వాంతి చేయిస్తుంది. పొగాకు మొక్క వేళ్లలో నికోటిన్ తయారుచేసి ఆకులకు పంపేది పురుగులను చంపడానికే. ఆ విషాన్ని మన శరీరం విషంగానే గుర్తించింది. బాబాయి చెమట, ఎక్కిళ్లు, వాంతి అన్నీ ఆరోగ్యంగా పనిచేస్తున్న శరీరం చేసిన పనులే.

అయితే అదే మోతాదు మరొకరిని ఏమీ చెయ్యకపోవచ్చు. నికోటిన్‌లో 70 నుంచి 80 శాతాన్ని కాలేయం కొటినిన్ అనే పదార్థంగా మారుస్తుంది. ఆ పని చేసే ప్రధాన ఎంజైమ్ పేరు సీవైపీ2ఏ6. దాని జన్యువు అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో చురుగ్గా, కొందరిలో మందంగా పనిచేస్తుంది, కొందరిలో ఆ జన్యువే ఉండదు. మందంగా పనిచేసే రూపాలు జపాన్, చైనా, కొరియా ప్రజల్లో ఎక్కువగా కనిపిస్తాయి. సగటున ఆడవాళ్లలో ఇది మగవాళ్లకంటే వేగంగా పనిచేస్తుంది, గర్భిణుల్లో ఇంకా వేగంగా. మామూలుగా రెండు గంటల్లో రక్తంలోని నికోటిన్ సగానికి తగ్గుతుంది. మందంగా ఉన్నవాళ్లలో అది చాలాసేపు నిలుస్తుంది. అందుకే వాళ్లు తక్కువ పొగ తాగుతారని, మానేయడం కూడా వాళ్లకు కాస్త సులువని పరిశోధనల్లో తేలింది. “నాకు పడదు” అనే మనిషిని పొగాకు గట్టిగా పట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం.

ఒకే మనిషికి పొద్దున్న పడనిది సాయంత్రం పడొచ్చు. మెదడులో నికోటిన్‌ను పట్టుకునే గ్రాహకాలు పగలంతా అది తగిలి మొద్దుబారతాయి, రాత్రి నిద్రలో మళ్లీ తేరుకుంటాయి. రోజులో మొదటి పొగ తల తిప్పినట్టు ఉండేది అందుకే. ఖాళీ కడుపు దాన్ని ఇంకా పెంచుతుంది.

నాలుక మంట సంగతి పూర్తిగా వేరు, దాన్ని నికోటిన్‌తో కలపకూడదు. చక్కెర ఎక్కువున్న వర్జీనియాను తొందరగా పీలిస్తే పొగ వేడెక్కుతుంది. ఆకు తడిగా ఉంటే ఆ వేడికి ఆవిరి తోడై నాలుక కొస పొక్కుతుంది. వెనీలా, చెర్రీ వాసనల పొగాకుల్లో ఆకు ఎండిపోకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు కాబట్టి అవి ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటాయి. కడుపులో తిప్పితే కారణం నికోటిన్, నాలుక మండితే ముందు వేడిని, తడిని అనుమానించాలి.

మరి ఆ నల్ల డబ్బా? అది లటాకియా. సిరియా రేవు పట్టణం లటాకియా పేరే దానికి వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తుంది. చిన్న చిన్న ఆకుల తూర్పు మధ్యధరా పొగాకును కట్టెల పొగ మీద నెలల తరబడి వేలాడదీస్తే అది నల్లబడి, పొయ్యి వాసన పట్టుకుంటుంది. చూడటానికి భయంకరంగా ఉన్నా అందులో నికోటిన్ తక్కువే. కొందరికి ఆ పొగ వాసనే వెగటు పుట్టిస్తుంది. అది ముక్కుకు పడకపోవడం, ఒంటికి పడకపోవడం కాదు. రంగును, వాసనను చూసి ఘాటును అంచనా వేస్తే బాబాయిలా బోల్తా పడతాం.

పొగ తాగకుండానే పొగాకు పడనివాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. పొగాకు మొక్క పూతకు రాగానే రైతులు తల తుంచేస్తారు. దాంతో మొక్క నికోటిన్ తయారీ పెంచుతుంది, పై ఆకుల్లో అది మరీ ఎక్కువ. తెల్లవారుజామున మంచు పట్టిన ఆ ఆకులను ఒంటికి ఆనించి కోసే కూలీలకు నికోటిన్ మంచునీటిలో కరిగి చర్మం గుండా ఎక్కుతుంది. తల తిప్పడం, చెమట, వాంతులు, సరిగ్గా బాబాయికి వచ్చినవే. వైద్య గ్రంథాల్లో దీనికి పచ్చి పొగాకు జబ్బు అనే అర్థం వచ్చే పేరుంది, 1970లో అమెరికాలోని ఫ్లోరిడా నుంచి దీన్ని మొదట నమోదు చేశారు. ఎప్పుడూ పొగ తాగని ఆడకూలీలకు, పిల్లలకు ఇది తొందరగా వస్తుంది, ఎందుకంటే వాళ్ల శరీరానికి నికోటిన్ అలవాటు లేదు. ఎండ దెబ్బ అనుకుని చెట్టు కింద కూర్చోబెట్టి వదిలేస్తే ఎంతో అన్యాయం. మంచు ఆరాక కోత మొదలుపెట్టడం, పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, తడిసిన బట్టలు వెంటనే మార్చుకోవడం, సబ్బుతో కడుక్కోవడం, ఇవన్నీ చేయగలిగినవే.

బాబాయి ఆ గోధుమ రంగు డబ్బా మళ్లీ ముట్టలేదు. తాతయ్య చుట్ట మాత్రం ఆగలేదు. లంక పొగాకు కూడా బ్యారన్‌లో ఎండేది కాదు, నిదానంగా ఆరి, మగ్గి తయారయ్యేది. దాని పొగ క్షారం వైపే ఉంటుంది, నోటి నుంచే ఎక్కుతుంది. యాభై ఏళ్లపాటు రోజూ తాగి ఒళ్లు దానికి అలవాటుపడిపోయిన ఆయన ఒక్కసారి కూడా తల తిరిగిందని అనలేదు. డెబ్బై ఒకటో ఏట కట్టుడు పళ్లు పెట్టించుకోవడానికి వెళ్తే, దంతవైద్యురాలు ఆయన ఎడమ బుగ్గ లోపల చుట్ట ఆనే చోట రూపాయి బిళ్లంత తెల్లమచ్చ చూసి ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పింది. ఇంటికొచ్చి అద్దం ముందు నోరు తెరిచి చాలాసేపు చూసుకున్నాడు. “నొప్పి లేదు, మంట లేదు. నాకెప్పుడూ పడుతూనే ఉంది కదరా” అన్నాడు.