దుబాయ్ స్కూల్ ఫీజు: కంపెనీ కట్టే బిల్లు మన చేతికెలా వచ్చింది

మొన్న ఫిబ్రవరిలో వచ్చే ఏడాదికి సీట్లు ఖాయం చేసుకోమని పిల్లల స్కూల్ నుంచి సర్క్యులర్ వచ్చింది. రాత్రి అన్నాలయ్యాక చెక్‌బుక్ తీసి టేబుల్ మీద పెట్టుకుని, మా ఆవిడ తేదీలు చెబుతుంటే నేను రాసుకుంటూ పోయాను, ఏప్రిల్‌కి ఒకటి, సెప్టెంబర్‌కి ఒకటి, జనవరికి ఒకటి, మళ్లీ చిన్నదానికి అవే మూడు. పెద్దాడు ఎనిమిదిలోకి, చిన్నది ఐదులోకి వెళ్తున్నారు. ఇద్దరికీ కలిపి ట్యూషన్ ఫీజే 26 వేల దిర్హాములు, బస్సు వేరే. మా మామగారు అమలాపురం నుంచి ఫోన్‌లోనే లెక్క కట్టేసి, "ఆరు లక్షలా? ఏమయ్యా అల్లుడూ, అక్కడ పిల్లలకి బంగారు పలకలేమైనా ఇస్తారా?" అన్నారు. ఇది మధ్యరకం సీబీఎస్ఈ స్కూలే మామగారూ, పక్క రోడ్డులో బ్రిటిష్ సిలబస్ స్కూలుంది, అక్కడ ఒక్కరికే ఇంతకు రెట్టింపు అని చెప్పాను. ఆయన నమ్మలేదు.

అసలు ఈ ఇంటర్నేషనల్ స్కూల్ అనేదే జీతం మీద బతికే మనలాంటి వాళ్లని దృష్టిలో పెట్టుకుని పుట్టింది కాదు. 1924లో జెనీవాలో మొదలైన స్కూల్ నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల్లో పనిచేసే అధికారుల పిల్లల కోసం. పరాయి దేశానికి పంపిన ఉద్యోగి పిల్లల చదువు ఖర్చు పంపినవాళ్లే భరించాలనేది తర్వాత ఆనవాయితీగా స్థిరపడింది, ఐక్యరాజ్యసమితి తన ఉద్యోగులకి ఎడ్యుకేషన్ గ్రాంట్ ఇప్పటికీ ఇస్తోంది. ఆయిల్ కంపెనీలు, బ్యాంకులు కూడా అదే పద్ధతి: ఇల్లు, కారు, ఏడాదికోసారి విమానం టికెట్, పిల్లల ఫీజు అన్నీ ప్యాకేజీలోనే. కట్టేది కంపెనీ అయినప్పుడు తల్లిదండ్రులు ఫీజు కాగితం చివరిదాకా చదవరు కదా, స్కూళ్లు కూడా ఆ లెక్కలోనే ధర పెట్టుకున్నాయి.

దుబాయ్‌లో మొదటినుంచీ రెండు దారులున్నాయి. ఒకటి మనవాళ్లది. 1961లో ఇండియన్ హైస్కూల్ పెట్టారు, లాభాపేక్ష లేని స్కూల్ అది. అప్పటికి అక్కడ ఆయిల్ పడలేదు (అది 1966లో), దిర్హామూ లేదు, బజార్లో నడిచేది మన రిజర్వ్ బ్యాంకు అచ్చేసిన గల్ఫ్ రూపాయి. దుబాయ్‌లో స్కూల్ ఫీజు రూపాయల్లో కట్టిన రోజులున్నాయంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కేరళ నుంచి వచ్చిన వర్కీ దంపతులు 1968లో అవర్ ఓన్ ఇంగ్లిష్ హైస్కూల్ పెట్టారు, వాళ్లబ్బాయి సన్నీ వర్కీ చేతిలో అదే జెమ్స్ అనే పెద్ద సంస్థ అయింది. రెండోది ఇంగ్లిష్ వాళ్లది. దుబాయ్ ఇంగ్లిష్ స్పీకింగ్ స్కూల్ 1963లో మొదలైంది, ఆ తర్వాత అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. అలాంటి కొన్ని స్కూళ్లలో కంపెనీలు డిబెంచర్లు (స్కూలుకి ముందుగా డబ్బిచ్చి తీసుకునే పత్రాలు) కొని తమ ఉద్యోగుల పిల్లలకి ముందుగానే సీట్లు పట్టి పెట్టుకునేవి.

మన ఊళ్లో అయితే ప్రైవేటు ఫీజు కట్టలేకపోతే జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంది, ఇష్టమున్నా లేకున్నా ఉంది. ఇక్కడ ప్రభుత్వ స్కూళ్లు ప్రధానంగా ఈ దేశ పౌరుల కోసం, చదువు ఎక్కువగా అరబిక్‌లో. కాబట్టి పిల్లల్ని తెచ్చుకున్నామంటే ప్రైవేటు స్కూలే, వేరే దారి లేదు. అసలు తెచ్చుకోగలిగేవాళ్లు ఎందరని? భార్యాపిల్లల్ని స్పాన్సర్ చేయాలంటే నెలకి 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు ఇల్లు ఉండాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి, కోనసీమ, కడప నుంచి వచ్చి లేబర్ క్యాంపుల్లో ఉండే అన్నలకి ఈ ఫీజుల గొడవే లేదు, వాళ్ల పిల్లలు ఊళ్లోనే, నాన్న పంపే డబ్బుతో చదువుకుంటున్నారు. గల్ఫ్ తెలుగువాళ్ల గురించి రాసేటప్పుడు నాలాంటి వాళ్ల కష్టమే అందరి కష్టం అన్నట్టు రాయడం తప్పు, అందుకే ముందే చెబుతున్నా.

మరి బిల్లు చేతులెప్పుడు మారింది? ఒక్క రోజులో కాదు. 2008 ఆర్థిక మాంద్యంలో ఒకసారి, 2014లో ఆయిల్ ధర పడిపోయాక ఇంకోసారి కంపెనీలు ప్యాకేజీలు కోసేశాయి. స్కూల్ అలవెన్స్ అని విడిగా ఉండేది పోయి అంతా ఒకే జీతంలో కలిపేశారు, కలిపినప్పుడు ఎంత తగ్గిందో ఎవరూ చెప్పలేదు. అప్పట్లో కంపెనీని చూసి పెట్టిన ఫీజులు మాత్రం కింది మెట్టుకి దిగిరాలేదు.

ప్రభుత్వం పట్టించుకోలేదని అనలేం. కేహెచ్‌డీఏ అనే సంస్థ 2008 నుంచి ప్రైవేటు స్కూళ్లని తనిఖీ చేసి గ్రేడ్లు ఇస్తూ వచ్చింది, ఫీజు ఎంత పెంచొచ్చో ఖర్చుల సూచీని బట్టి ఏటా చెబుతుంది. 2018-19లో పెంపు ఆపేశారు, కోవిడ్ వచ్చాక 2020-21 నుంచి మూడేళ్లు మళ్లీ ఆపారు. 2023-24లో 3 శాతం, తర్వాత 2.6, ఆ తర్వాత 2.35. చూడ్డానికి చిన్న అంకెలే. కానీ 2023-24 లెక్కలో ఇంకో సంగతి ఉంది: గ్రేడ్ నిలబెట్టుకున్న స్కూలుకి 3 శాతం, 'గుడ్' నుంచి 'వెరీ గుడ్'కి ఎక్కితే 5.25 శాతం దాకా, పడిపోతే పెంపే లేదు. మన పిల్లల స్కూలుకి మంచి గ్రేడ్ వచ్చిందని వాట్సాప్ గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెడుతుంటే ఒకాయన మాత్రం "అయితే ఫీజెంత?" అని అడిగాడు, ఆ తర్వాత గ్రూపులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇదంతా ఉన్న ఫీజుని పెంచడం గురించే. కొత్త స్కూల్ ఎంత దగ్గర మొదలుపెట్టాలన్నది ఎక్కువగా మార్కెట్ సంగతి. స్కూల్ నడిపే తాలీమ్ అనే కంపెనీ 2022లో దుబాయ్ స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. 2025 ఆగస్టులో జెమ్స్ వాళ్లు తెరిచిన స్కూల్ ఆఫ్ రీసెర్చ్ అండ్ ఇన్నోవేషన్‌లో పై తరగతుల ఫీజు ఏడాదికి 2 లక్షల 6 వేల దిర్హాములు. ఈ అంకె మా మామగారికి చెప్పలేదు.

సౌదీలో కథ ఇంకో రకం. అక్కడ ఎంబసీ పర్యవేక్షణలో నడిచే ఇండియన్ స్కూళ్లున్నాయి, జెడ్డాలోది 1969 నాటిది, ఫీజు తక్కువే. కానీ 2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద పన్ను వేశారు, తలకి నెలకి 100 రియాళ్లతో మొదలై ఏటా 100 చొప్పున పెరుగుతూ 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 14,400 రియాళ్లు. ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ తిరిగొచ్చేశాయి, నాన్న ఒక్కడే అక్కడ.

మా ఇంట్లో అసలు టెన్షన్ మాత్రం ఫీజు కంటే తొమ్మిదో తరగతి గురించి. దిర్హామ్ డాలర్‌కి కట్టేసి ఉంది కాబట్టి రూపాయి పడినప్పుడల్లా ఇంటికి పంపే డబ్బు పెరుగుతుంది, అదే డబ్బు ఇక్కడ స్కూలుకి కడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. దానికి తోడు లోకల్ గొడవ. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కాలం నుంచీ తెలుగు రాష్ట్రాల్లో లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడే చదవాలి. తెలంగాణ 2024లో మెడికల్ సీట్లకి దీన్ని గట్టిగా పట్టుకుంది, 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఎన్ఐటీల్లో గల్ఫ్ కార్మికుల పిల్లలకి విడిగా కొన్ని సీట్లున్నాయి గానీ, మావాడికి లెక్కలంటే భయం, డాక్టర్ అవుతానంటాడు.

అందుకే పెద్దాడి పేరున ఆ మూడు చెక్కులు రాసి సంతకం పెడుతున్నప్పుడే, వచ్చే ఫిబ్రవరికి వీడి పేరు రాస్తామో లేదో అని ఇద్దరం అనుకున్నాం. మా ఆవిడ వాళ్లన్నయ్యకి ఫోన్ చేసి కూకట్‌పల్లిలో స్కూల్ ఫీజులు కనుక్కోమంది. రెండ్రోజులకి ఆయనే నాకు చేశాడు. మంచివన్నీ లక్షన్నర పైనే ఉన్నాయట. "అది సరే గానీ బావా, మీవాడికి ఏ రాష్ట్రం లోకల్ కావాలో ముందది తేల్చుకోండి" అన్నాడు.